ఒక్క అంకెతో మోటారు జాతకం చెప్పేస్తే ఎలా?

మోటార్ల ఇన్సులేషన్ గురించి సాఫ్టువేరు వాడికెందుకు అంటారా? నేను చదివింది ఎలక్ట్రికల్, తింటున్నది సాఫ్టువేరు కూడు. మనలో సగం మంది కథ ఇదే కదా! ప్రస్తుతం ఫ్యాక్టరీల మెయింటెనెన్సు రికార్డులు దాచే ఒక అప్లికేషన్ మీద పని చేస్తున్నాను. అందులో మోటారు టెస్టుకి ఒక ఫారం ఉంది. మోటారు నంబరు, తేదీ, మెగ్గర్ రీడింగు. అంతే, మూడే గళ్ళు. రీడింగు తగ్గితే స్క్రీను ఎర్రబడుతుంది, ఆ ఎరుపు చూసి ఎవరో మోటారు విప్పించి రీవైండింగుకి పంపేస్తారు. ఇలాంటి ఫారం ఉండటం కన్నా పాత రిజిస్టరు పుస్తకమే నయమని నా అభిప్రాయం. పుస్తకంలో కనీసం పక్కన "వాన పడింది" అని రాసుకునేంత ఖాళీ ఉండేది.

ఇంతకీ కొలిచేది ఏమిటంటే, వైండింగుకీ మోటారు బాడీకీ మధ్య డీసీ వోల్టేజి పెట్టి (415 వోల్టుల మోటారుకి మామూలుగా 500 వోల్టులు) ఎంత కరెంటు కారుతోందో చూస్తారు. మెగ్గర్ నిజానికి ఒక కంపెనీ పేరు, మనకి మాత్రం ఆ పరికరం ఎవరు చేసినా మెగ్గరే. ఐఈఈఈ 43 ప్రమాణం ప్రకారం వెయ్యి వోల్టుల లోపు మోటార్లకి కనీసం 5 మెగాఓమ్‌లు ఉండాలి. ఇక్కడ అందరూ వదిలేసే మాట ఇంకోటుంది: అది ఒక నిమిషం ఆగి చూసిన రీడింగు, 40 డిగ్రీలకి సరిచేసిన రీడింగు.

ఆ సరిచేయడం ఎంత ముఖ్యమో చూడండి. వైండింగు వేడి 10 డిగ్రీలు పెరిగితే రెసిస్టెన్సు సగమవుతుందని ఒక మోటు లెక్క. (కొత్తరకం ఎపాక్సీ ఇన్సులేషన్లు అచ్చంగా ఈ లెక్క పాటించవు, అది వేరే సంగతి.) జనవరి పొద్దున్న వైండింగు 20 డిగ్రీల దగ్గర 100 మెగాఓమ్‌లు వచ్చిందనుకోండి. అదే మోటారుని మే నెలలో, ఆపిన కాసేపటికే, 60 డిగ్రీల దగ్గర కొలిస్తే 6 చిల్లర వస్తుంది. గ్రాఫు గీస్తే పాతాళానికి పడిపోయినట్టుంటుంది. 40కి సరిచేస్తే రెండూ 25 మెగాఓమ్‌లే! మోటారుకి ఏమీ కాలేదు, మారింది కేలండరు.

ఇక వానాకాలం సంగతి. నాకు తెలిసిన ఒక ప్లాంటులో పంపు మోటారుకి ప్యానెల్ దగ్గర నుంచి మెగ్గర్ చేస్తే 0.6 వచ్చింది. "ఎర్త్ అయిపోయింది, దించేయండి" అన్నారు. ఒక పాత ఎలక్ట్రీషియన్ ఊరుకోకుండా మోటారు టెర్మినల్ బాక్సులో కేబులు విప్పి విడిగా చూశాడు. మోటారు 60, కేబులు 0.6. కేబుల్ జాయింటులో నీళ్ళు! ఆయన చేసింది మనం రోజూ చేసే పనే. సర్వర్ తప్పా, నెట్‌వర్క్ తప్పా తేల్చకుండా సర్వర్ మార్చేస్తామా? వీఎఫ్‌డీ ఉంటే ఇంకా జాగ్రత్త, దాన్ని విప్పకుండా 500 వోల్టులు పెడితే డ్రైవులో ఎలక్ట్రానిక్స్ పోతాయి.

కేబులు తీసేసినా మోటారు తక్కువే చూపిస్తే? అప్పుడు కూడా ముందు టెర్మినల్ బాక్సులో దుమ్మూ తడీ తుడిచి మళ్ళీ చూడాలి. వైండింగే చెమ్మగిల్లిందనిపిస్తే నిదానంగా ఆరబెట్టాలి. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆరబెట్టడం మొదలుపెట్టగానే రీడింగు పెరగదు, ఇంకా పడిపోతుంది. వేడికి ముందు రెసిస్టెన్సు తగ్గుతుంది, తేమ పోతున్నకొద్దీ మెల్లగా పైకి లేస్తుంది. మధ్యలో ఆ పడిపోయిన అంకె చూసి కంగారుపడి, ఇక లాభం లేదని రీవైండింగుకి పంపిన మోటార్లెన్నో! రీవైండింగు ఖర్చు ఒకసారితో పోదు. పాత రాగి తీయడానికి స్టేటర్‌ని అడ్డగోలుగా కాలిస్తే కోరులో రేకుల మధ్య ఇన్సులేషన్ దెబ్బతింటుంది, ఆ తర్వాత మోటారు తిరిగినన్నాళ్ళూ కరెంటు బిల్లు ఎక్కువే.

అందుకే ఆ ఫారంలో వైండింగు టెంపరేచరు, గాలిలో తేమ, పెట్టిన వోల్టేజి, ఎంతసేపు పెట్టారు, కేబులుతో కలిపా విడిగానా - ఇవి తప్పనిసరి గళ్ళు కావాలని నేను వాదిస్తున్నాను. "టెక్నీషియన్లు అన్ని నింపరండీ" అంటున్నారు. నింపరు నిజమే, ఎందుకు నింపాలో మనం చెప్పలేదు కదా. ఆ గళ్ళు ఖాళీగా ఉంటే ఎరుపూ వద్దు, పచ్చా వద్దు, బూడిదరంగు చూపిద్దాం.

పచ్చరంగు కూడా అంత నమ్మదగ్గది కాదు లెండి. ఒకే కాయిల్లో చుట్టుకీ చుట్టుకీ మధ్య షార్టయితే మెగ్గర్‌కి కనపడదు, అది కొలిచేది వైండింగు నుంచి బాడీకి మాత్రమే. దానికి సర్జ్ టెస్టు వేరే ఉంది. అన్నట్టు, టెస్టు అయ్యాక వైండింగులో ఛార్జి నిలిచి ఉంటుంది. వోల్టేజి పెట్టిన సమయానికి కనీసం నాలుగింతల సేపు ఎర్త్ చేసి ఉంచాకే చెయ్యి పెట్టాలి. ఫారంలో దానికీ ఒక గడి అడిగాను, ఇంకా ఒప్పుకోలేదు.