అతిథి అడగకముందే

మా మక్తబ్‌లో ఖుర్ఆన్ నేర్చుకున్న ఒక అబ్బాయి హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతూ, ఆరు నెలల శిక్షణకై దుబాయి వెళ్లే ముందు తండ్రితో కలిసి మా వద్దకు వచ్చాడు. దుఆ చేశాము గాని మా అయిష్టాన్ని దాచలేకపోయాము. "ఎంగిలి ప్లేట్లు తీయడానికి దుబాయి దాకా పోవాలా బేటా?" అన్నాము. ఆ మాట అనకుండా ఉండవలసింది.

అతడు తిరిగివచ్చాక, మొన్నటి రంజాన్‌లో వారి ఇంట ఇఫ్తార్‌కు వెళ్లాము. మోకాళ్ల నొప్పితో నేలపై కూర్చోలేమని మేము ఎవరికీ చెప్పలేదు. గుమ్మం వద్ద మా నడక చూసి, అతడు చడీచప్పుడు లేకుండా లోపలికి వెళ్లి, దస్తర్‌ఖాన్ చివర ఒక కుర్చీ, చిన్న బల్ల, దానిపై ఖర్జూరాల పళ్లెం అమర్చాడు. మగ్రిబ్ తర్వాత గిన్నెలన్నీ తానే తీశాడు, చెల్లెలిని లేవనీయలేదు. "ఇంతకుముందు మంచినీళ్లు కూడా నేనే చేతికి అందించవలసి వచ్చేది హజ్రత్" అని పరదా అవతలి నుంచి తల్లి నవ్వింది.

జారియాత్ సూరాలో హజ్రత్ ఇబ్రాహీం (అలై) అతిథుల ప్రస్తావన ఉంది. వచ్చినవారు అపరిచితులు. తింటారా అని ముందుగా అడిగితే మొహమాటపడతారని కాబోలు, ఆయన మెల్లగా ఇంటివారి దగ్గరికి వెళ్లి, బలిసిన దూడ మాంసం సిద్ధపరచి తెచ్చి, వారి దగ్గరగా పెట్టారు. 'మెల్లగా వెళ్లడం' అన్న అర్థాన్నిచ్చే ఆ అరబీ పదంపై దాదాపు ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్నాము. ఒక్క విద్యార్థి చేతికైనా పళ్లెం ఇచ్చి, అతిథికి వడ్డించమని చెప్పిన గుర్తు లేదు.

మొదట అతణ్ణి హౌస్‌కీపింగ్‌లో వేశారట. గది తలుపు తట్టాలి, ఎవరో చెప్పాలి, ఆగాలి, మళ్లీ తట్టాలి. తట్టి ఆగకుండా తాళం ముట్టరాదు. పరుల ఇంట అనుమతి మూడుసార్లు కోరాలని, దొరకకపోతే తిరిగిపోవాలని దైవప్రవక్త (సఅసం) నేర్పిన మర్యాద మన వీధుల్లో ఎంత మిగిలి ఉందో పాఠకులకు తెలుసు. అతిథి మరచిన వస్తువు ఎంత చిన్నదైనా రిజిస్టరులో రాసి అప్పగించాలి. 'లుఖతా' పాఠం మా దగ్గర విన్నాడు, అక్కడ ఆచరించాడు.

నాలుగో నెలలో రెస్టారెంటు విభాగానికి మార్చారు. సాయంత్రం షిఫ్టులో మద్యం పోయవలసి వచ్చింది. రాత్రి పన్నెండు దాటాక ఫోన్ చేశాడు. మద్యం తాగేవానితోపాటు పోసేవానిని, మోసేవానిని కూడా దైవప్రవక్త (సఅసం) శపించారన్న తిర్మిజీ హదీసు గుర్తు చేశాము. మస్అలా చెప్పడం మాకు తేలిక. మేనేజరు ముందు నిలబడవలసినవాడు అతడు. తండ్రి చేసిన అప్పు ఆ శిక్షణ ధ్రువపత్రంపైనే ఆధారపడి ఉంది.

మర్నాడు అడిగాడు. ఆ మేనేజరు ముస్లిం కాడు. అయినా శాంతంగా విని, ఉదయపు అల్పాహార విభాగానికి మార్చాడట. అల్లాహ్ ఆయనకు సన్మార్గం చూపుగాక. సాయంత్రపు టిప్పులు పోయాయి. చివరి నివేదికలో పానీయాల సేవ అన్న గడి ఖాళీగా మిగిలింది.

పిల్లలను పంపదలచిన తల్లిదండ్రులు ఏయే విభాగాల్లో వేస్తారో ముందే రాతపూర్వకంగా అడగాలి. విజిట్ వీసాపై పనికి పంపే ఏజెంటును నమ్మరాదు. నియామకపు ఖర్చు కార్మికునిపై మోపడం, అతని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం ఎమిరేట్స్ చట్టానికే విరుద్ధం. షార్జాలో హోటళ్లు మద్యం అమ్మవు; ఆ సంగతి మేమూ అతని వల్లనే తెలుసుకున్నాము.

ఇప్పుడు అక్కడి హోటళ్లకే దరఖాస్తులు పెడుతున్నాడు. ఖాళీ గడి గురించి అడిగితే ఏమని చెప్పాలో రాసిమ్మని పోయిన జుమా రోజున వచ్చాడు. మేము ఉర్దూలో నాలుగు వాక్యాలు రాశాము. అతడు రెండు కొట్టివేసి, మిగిలినవి ఇంగ్లీషులోకి మార్చుకున్నాడు.