ఒక్క రాత్రికి ఏ నాటకం?

ఈ వారం నా నెత్తిన ఒక పంచాయతీ వచ్చి పడింది. కడప జిల్లాలో మా అత్తగారి ఊళ్లో వచ్చే తిరునాళ్లకు సురభివాళ్ల నాటకం పెట్టించాలని పెద్దలు తీర్మానించారట. చందాలు పోగుచేసి లెక్క చూసుకుంటే, ఒక్క రాత్రికి సరిపోయే డబ్బు తేలింది. ఇక అక్కడినుంచి గొడవ మొదలైంది. కుర్రవాళ్లంతా ‘మాయాబజార్’ అన్నారు. గుడి పెద్దలు ‘భక్త ప్రహ్లాద’ అన్నారు. భజన గుంపువాళ్లు ‘బ్రహ్మంగారి చరిత్ర’ తప్ప మరేదీ కూడదన్నారు. మూడు రోజులు రచ్చబండ మీద వాదించుకొని, ఎవరూ దిగిరాక, చివరికి మా బావమరిది నాకు ఫోన్ చేశాడు.

“బావా, నువ్వు నాటకాల పిచ్చోడివని ఊరంతా తెలుసు. మూడూ చూసినోడివి. ఏది మేలో నువ్వే చెప్పు. నీ మాట మీద నిలబడతామని అందరూ అంటాండారు.”

నిలబడతారని నాకేమీ నమ్మకం లేదు. తీర్పు చెప్పినవాడికి చివరకు మిగిలేది రెండు వర్గాల కోపమే. అయినా సురభి మాట వచ్చేసరికి నాకు నోరు ఊరుకోదు. “రెండు రోజులు గడువియ్యి, ఆలోచించి చెబుతాను” అన్నాను. ఆ ఆలోచనే ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

ముందుగా ఒక సంగతి. సురభి నాటకాన్ని బయటివాళ్ల సొత్తులా చూసే హక్కు కడప జిల్లావాళ్లకు లేదు. చక్రాయపేట మండలంలోని సురభి గ్రామమే దానికి పుట్టినిల్లు. వనారస వారిది ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే కుటుంబం. తరతరాలుగా తోలుబొమ్మలాట ఆడించినవాళ్లు. ఆ ఇంటి బిడ్డ గోవిందరావుగారు 1885లో ఆ ఊళ్లో ‘కీచక వధ’ నాటకం ఆడించారు. అంతవరకు తెరవెనుక నిలబడి బొమ్మలను ఆడించిన మనుషులు, ఆ రోజున తామే తెరముందుకు వచ్చారు. ఆడవేషాలు మగవాళ్లే వేసే ఆ కాలంలో, సురభివాళ్లు తమ ఇంటి ఆడవాళ్లచేతనే ఆ వేషాలు వేయించారు. తాత, తండ్రి, కోడలు, మనమరాలు అందరూ ఒకే నాటకంలో ఉంటారు. పిల్లవాడికి నడకతోపాటే నాటకం వస్తుంది. ఎవరి కొలువులోనో జీతానికి కుదురుకోకుండా, ఊరూరా డేరా వేసుకొని, నేల టిక్కెట్టు డబ్బులతో తరాలు గడిపారు.

బొమ్మలవాళ్లు కావడంలోనే సురభి రహస్యమంతా ఉందని నాకనిపిస్తుంది. తోలుబొమ్మ ఆకాశంలో ఎగరాలంటే చెయ్యి పైకెత్తితే చాలు. మనిషి అట్లా ఎగరడు గదా! బొమ్మ చేసినదంతా మనిషిచేత కూడా చేయించాలన్న పట్టుదలతోనే ఆ తీగలు, కప్పీలు, జారే తెరలు, ఒకదాని వెనుక ఒకటిగా రంగులు వేసిన పరదాలు వచ్చి ఉంటాయి. బాణానికి బాణం తగిలి నిప్పురవ్వలు రాలతాయి. నారదుడు మేఘాల మీద వస్తాడు. ఇవన్నీ కెమెరా మాయలు కావు. మన కళ్లముందే, తెరచాటున ఎవరో చెమటోడ్చి తాడు లాగితే జరిగే పనులు. తాడు లాగేవాడు మరుసటి రంగంలో ధర్మరాజై రావచ్చు.

ఇక పోలికలోకి వస్తాను.

‘మాయాబజార్’ సంగతి. శశిరేఖ పెళ్లికథ వ్యాసుడి భారతంలో లేదు. మనవాళ్లు సరదాకోసం అల్లుకున్న కథ. 1957లో సినిమా రాకముందే జనం నోట నానిన కథ. ఆ సినిమా చూడని తెలుగువాడుండడు. అంచేత సురభివాళ్లకు అక్కడ పెద్ద పరీక్ష ఉంది. చూసేవాడి తలలో ఎస్వీ రంగారావు కూర్చొని ఉంటాడు. ఆయనను దాటి ఆ వేదిక మీది ఘటోత్కచుడు మన మనసులోకి రావాలి. వస్తాడా అంటే, వస్తాడనే చెబుతాను. ఎట్లా అంటే, లడ్డులు తమంతట తాము లేచి వాడి నోట్లోకి పోయేటప్పుడు ముందువరసలో కూర్చున్న పిల్లలు చేసే కేక సినిమా హాల్లో పుట్టదు. తెరమీద ఏం జరిగినా పిల్లవాడు నమ్ముతాడు. వేదిక మీద జరిగినప్పుడు లేచి నిలబడి, ఆ తాడు ఎక్కడుందోనని వెతుకుతాడు. దొరకనప్పుడు వాడికి కలిగే ఆనందం వేరు. నేను నాలుగుసార్లు చూశాను. ప్రతిసారీ వెతికాను. రెండుసార్లు దొరికింది. అయినా నా సంతోషం ఏమీ తగ్గలేదు.

లోపం చెప్పమంటే, లడ్డుల రంగం అయిపోయిన తర్వాత ఆ నాటకం కొంత చల్లబడుతుంది. జనం తరవాతి మాయ కోసమే కూర్చుంటారు. మధ్యలో ఎవరైనా మంచి పద్యం రాగయుక్తంగా ఎత్తుకున్నా, “తొందరగా కానీ” అన్నట్టు చూస్తారు. ఆ తప్పు పాడేవాడిది కాదు, అంతకుముందు తిన్న లడ్డులది.

‘భక్త ప్రహ్లాద’కు ఆ లోపం లేదు. అందులో మాయలు కథకు అతికించినవి కావు; కథే మాయ. ఏనుగు తొక్కదు, పాము కరవదు, నిప్పు కాల్చదు. చివరకు స్తంభం పగలాలి. పగలకపోతే కథే లేదు. ఆ స్తంభం రెండుగా చీలి నరసింహుడు బయటపడే క్షణంలో, నవ్వుతున్న పిల్లలు కూడా తల్లి కొంగు పట్టుకుంటారు. కట్టుదిట్టంలో మూడింటిలోకీ ఇదే మిన్న. పైగా చరిత్రలోనూ దీనికి పెద్దపీట ఉంది. 1932లో విడుదలైన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం వేసినది సురభి కమలాబాయిగారు. అంటే తెలుగు సినిమాకు మొదటి మాటలు నేర్పినవాళ్లలో సురభి ఆడపడుచు ఉన్నారన్నమాట. గుడి పెద్దలు చెప్పే కారణం ఇంకొకటి ఉంది: నరసింహుడు వెలసిన చోటు మన అహోబిలమే గదా, ఉగ్రస్తంభం ఆ కొండమీదే ఉంది గదా అని. కాదనను.

ఆ నాటకంలో నాకు ఇష్టమైనది మరొకటి. ప్రహ్లాదుడు సురభి పిల్లల బడి. ఏడెనిమిదేళ్ల బిడ్డ మొత్తం నాటకాన్ని భుజాన మోయాలి. అతను పెద్దవాడై అదే వేదిక మీద హిరణ్యకశిపుడై గదతో వచ్చినప్పుడు, ఆ గద కింద నిలబడిన పసివాడు అతని కొడుకో, తమ్ముడి కొడుకో అయి ఉంటాడు. ఇంత చిత్రం ఏ సమాజంలో చూస్తాం?

మధ్యలో కొందరు ‘పాతాళభైరవి’ పేరు కూడా ఎత్తారట. 1951లో సినిమా తీసిన విజయా సంస్థ నాగిరెడ్డిగారు మన కడప జిల్లా పొట్టిపాడువారే. ఆ సినిమా కథనే సురభివాళ్లు వేదిక మీదికి తెచ్చుకున్నారు. చూడ్డానికి పండుగే గాని, సినిమా నీడ దానిమీద మరీ దట్టంగా ఉంటుంది. ఇక 1990ల్లో బి.వి. కారంత్ గారు వచ్చి వాళ్లచేత ‘భీష్మ’, ‘చండీప్రియ’, బ్రెక్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ ఆడించారు. సురభికి మాయలు లేకుండా కూడా ఆడడం వచ్చునని పట్నం పండితులకు అప్పుడు తెలిసింది. ఆ సంగతి మన రాయలసీమ పల్లెలకు అంతకుముందే తెలుసు. ఎట్లాగంటే, ‘బ్రహ్మంగారి చరిత్ర’ వల్ల.

ఈ నాటకాన్ని చివరకు ఎందుకు పెట్టానో ఇప్పుడు చెబుతాను. మూడింటిలో మాయలు తక్కువైనది ఇదే. కథ మొత్తం మన కాళ్లకింది నేలమీద నడుస్తుంది. ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన పాత కర్నూలు జిల్లా బనగానపల్లెలో అచ్చమ్మగారి పశువులు కాసిన మనిషి. రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాసిన మనిషి. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో వడ్రంగం చేసుకుంటూ బతికిన మనిషి. ఆయన దగ్గరకు వచ్చినవాళ్లు ఎవరు? ముడుమాల దూదేకుల ఇంటి పిల్లవాడు సిద్ధయ్య. చెప్పులు కుట్టే కక్కయ్య. కులం అడిగి కుర్చీ వేసే ఊళ్లు ఈనాటికీ ఉన్నాయి గనుక, ఈ కథ పాతబడిందని చెప్పడానికి వీల్లేదు.

సిద్ధయ్య సలాం చేస్తే బండ పగిలే ఘట్టం ఉంది. అది కూడా మాయే. అయితే దానికోసం ఎవరూ ఎదురుచూడరు. అందరూ ఎదురుచూసేది చివరి ఘట్టం కోసం. వైశాఖ శుద్ధ దశమినాడు గురువు జీవసమాధిలోకి వెళ్లాలని నిశ్చయించుకున్నాడు. సిద్ధయ్య ఉంటే తట్టుకోలేడని, పూలు తెమ్మని బనగానపల్లెకు పంపాడు. శిష్యుడు పూలబుట్టతో పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అంతా అయిపోయింది. సమాధి మూసేశారు. పూలు చేతిలోనే ఉన్నాయి.

ఆ రంగంలో తీగలు లేవు, నిప్పురవ్వలు లేవు. ఒక నటుడు, ఒక హార్మోనియం, ఒక పూలబుట్ట. నటుడికి శక్తి లేకపోతే అతన్ని ఆదుకునే మాయ ఏదీ లేదు. నేను చిన్నతనంలో డేరాలో ఆ రంగం చూసినప్పుడు మా అవ్వ పక్కన కూర్చొని ఉన్నాను. లడ్డులు ఎగిరినప్పుడు, “ఏదో కనికట్టులేరా” అని తేలిగ్గా తీసేసిన మనిషి, సిద్ధయ్య పూలు కిందపడేసి ఏడ్చినప్పుడు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇంటికి నడిచేటప్పుడు ఒక్క మాటే అన్నది: “పూలకు పంపకుండా ఉండాల్సింది, నాయనా.”

ప్రహ్లాద కథలో పిలిస్తే స్తంభంలోనుంచైనా దేవుడు వస్తాడు. బ్రహ్మంగారి కథలో పిలిచినా గురువు ఉండిపోడు; ఒక మాట చెప్పి, దండం, పాదుకలు ఇచ్చి మళ్లీ వెళ్లిపోతాడు. మొదటిది మన కోరిక. రెండోది మన అనుభవం. అంచేత నా తీర్పు ఇది: సురభిని ఎన్నడూ చూడనివాడికి ‘మాయాబజార్’ చూపించండి. నాటకం ఎంత బిగువుగా కట్టవచ్చునో తెలుసుకోగోరితే ‘ప్రహ్లాద’ చూడండి. సురభివాళ్లు ఎంత గొప్ప నటులో చూడాలంటే మాత్రం ‘బ్రహ్మంగారి చరిత్ర’ చూడాలి. ఒక్క రాత్రే ఉంటే, నా ఓటు దానికే.

ఇందులో ఇంకొక లెక్క కూడా ఉంది. నాటకం పుస్తకంలో బతకదు, అడిగేవాళ్లు ఉంటే బతుకుతుంది. ఊరూరా ‘మాయాబజారే’ కావాలంటే సమాజంవాళ్లు అదే ఆడతారు. వాళ్లకూ పొట్టలున్నాయి. అప్పుడు మిగతా నాటకాల పరదాలు పెట్టెల్లో మడతబడి ఉంటాయి. వాటి పద్యాలు వచ్చిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతారు. ఒకప్పుడు లెక్కకు మిక్కిలిగా ఉన్న సురభి సమాజాలు ఈనాడు వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని మిగిలాయి. 2013లో పద్మశ్రీ అందుకొని, సమాజాన్ని చాలాకాలం మోసిన రేకందార్ నాగేశ్వరరావుగారు, అందరూ బాబ్జీ అనే ఆయన, 2022లో కన్నుమూశారు. పాడేవాళ్లున్నప్పుడే అడగాలి.

ఇదంతా మా బావమరిదికి చెప్పాను. ఓపికగా విన్నాడు. మర్నాడు మళ్లీ ఫోన్ వచ్చింది.

“బావా, నువ్వు చెప్పింది అందరికీ చెప్పినా. బాగానే చెప్పినాడన్యారు. అయితే చందాల్లో సగం కుర్రోళ్లు తెచ్చిందే. అందుకని మాయాబజారే ఖాయం చేసినాం. బ్రహ్మంగారిది వచ్చే ఏడు ఆడిద్దాంలే.”

నేను ముందే అనుకున్నాను గనుక కోపం రాలేదు. తిరునాళ్లకు తప్పకుండా వస్తాను, ముందువరసలో కూర్చొని మళ్లీ తాడు వెతుకుతాను అని చెప్పాను. “వచ్చే ఏడు” అన్న మాట ఒక్కటే నాకు నచ్చలేదు. అందుకని అతనికి ఒక పని పురమాయించాను. ఆ రాత్రి నాటకం ముగిసి, సామాను లారీకి ఎక్కించేలోగా, భజన గుంపువాళ్లు సమాజం పెద్దల దగ్గరకు వెళ్లాలి. వచ్చే ఏడు ‘బ్రహ్మంగారి చరిత్ర’కు బయానా వాళ్ల చేతిలో పెట్టాలి. నోటిమాట వద్దు, డబ్బు పెట్టాలి. నా వంతు ఈపాటికే పంపించాను.

పూలు ఆలస్యం కాకూడదు గదా.