మైకు ఎవరిది?

1939 ప్రాంతంలో వాషింగ్టన్ నగరంలో హాల్ జాక్సన్ అనే నల్లజాతి యువకుడు ఒక రేడియో స్టేషన్ గడప తొక్కాడు. కార్యక్రమం చేస్తానని అడిగాడు. నల్లవాళ్ల గొంతు ఇక్కడ వినిపించదని నవ్వి పంపేశారు. ఆయన ఊరుకోలేదు. తెల్లవారి ప్రకటనల ఏజెన్సీ ఒకదాని ద్వారా అదే స్టేషన్‌లో సమయం కొన్నాడు. మాట్లాడబోయేది ఎవరో స్టేషన్ వారికి ముందుగా తెలియనివ్వలేదు. తీరా ప్రసారం వేళకు వచ్చి మైకు ముందు కూర్చున్నాడు. 'బ్రాంజ్ రివ్యూ' అనే కార్యక్రమం అలా మొదలైంది.

ఇది చదివి మన యువతీయువకులు చప్పట్లు కొడతారు. కొట్టాల్సిందే. కానీ డబ్బు చెల్లించి కొనుక్కున్న సమయానికి ఒక మనిషి దొంగలా రావలసిన గతి ఎందుకు పట్టింది? మమ్మల్ని కలవరపెట్టేది ఈ ప్రశ్నే.

తర్వాత న్యూయార్క్ చేరి, 1950లలో రోజూ మూడు స్టేషన్లలో మూడు కార్యక్రమాలు నడిపాడు. పేరు వచ్చింది, శ్రోతలు పెరిగారు. స్టేషన్లు మాత్రం తెల్లవారివే. మైకు ఇంకొకరిదైతే మాట ఆచితూచి ఆడక తప్పదు. 1963లో బర్మింగ్‌హామ్‌లో వర్ణవివక్షపై పిల్లలు ఊరేగింపుకు కదిలినప్పుడు, అక్కడి నల్లజాతి డిస్క్ జాకీలు ఆ సంగతి బాహాటంగా చెప్పలేదు. పార్కులో పెద్ద పార్టీ ఉంది, టూత్ బ్రష్ తెచ్చుకోండి అన్నారు. రాత్రి జైల్లో గడపాలని పిల్లలకు అర్థమైంది! 1967లో మార్టిన్ లూథర్ కింగ్ అట్లాంటాలో ప్రసారకుల సభకు వెళ్లి, ఉద్యమానికి వారు చేసిన మేలును మెచ్చుకున్నారు. కింగ్ పేరు మన సంఘాల్లో అందరికీ తెలుసు. ఈ ప్రసారకుల ఊసు ఏ సండే స్కూల్లోనూ వినపడదు.

1971లో జాక్సన్, పెర్సీ సట్టన్ మరికొందరితో కలిసి ఇన్నర్ సిటీ బ్రాడ్‌కాస్టింగ్ సంస్థను స్థాపించి డబ్ల్యూఎల్ఐబి స్టేషన్‌ను కొన్నారు. న్యూయార్క్‌లో నల్లజాతివారి సొంతమైన తొలి రేడియో అదే. ఒకప్పుడు గడప నుంచే వెనక్కి పంపబడిన మనిషి ఇప్పుడు యజమానుల్లో ఒకడు.

మన దగ్గరా ఇలాంటి నిరీక్షణ ఉంది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా జహీరాబాద్ దగ్గరి మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో గాలిలోకి రావడానికి 2008 దాకా ఆగవలసి వచ్చింది. పొరుగు రాష్ట్రాల్లో స్థిరపడిన మన పిల్లలకు నేడు ఫోనుంది, చానలుంది. ఆ చానల్ ఎవరి సొత్తో ఎప్పుడైనా ఆలోచించారా?

జాక్సన్ సంస్థ కూడా చివరకు అప్పుల్లో కూరుకుపోయి 2012లో చేతులు మారింది. ఆ ఏడాది మే నెలలోనే ఆయన కన్నుమూశారు. తొంభై దాటాక కూడా ఆదివారాలు ఆయన గొంతు న్యూయార్క్‌లో వినిపిస్తూనే ఉంది.