వీథివర్తకుల చెవులు

కర్మాగారమున యంత్రమునొద్ద పనిచేయువారి చెవులను కాపాడుటకు నియమములు కలవు. ఇంట నిదురించువారికిని, ఆసుపత్రిలోని రోగులకును నియమములు కలవు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు పగటివేళ నివాసప్రాంతములందు 55, వ్యాపారప్రాంతములందు 65, నిశ్శబ్దప్రాంతములుగా ప్రకటింపబడిన ఆసుపత్రుల పరిసరములందు 50 డెసిబెల్లులను ధ్వని మించరాదని విధించినవి. మరి దారిప్రక్క పండ్లబండియొద్ద ఉదయము మొదలు రాత్రివరకు నిలుచువారి మాట యేమి? వ్యాపారప్రాంతపు నియమమే వారికిని వర్తించునని యందురు. నియమము కాగితముపై వర్తించుట వేరు, వీథిలో అమలగుట వేరు.

హైదరాబాదులోని కోఠీని చూడుడు. చెవి, ముక్కు, గొంతు రోగములకు ప్రభుత్వాసుపత్రి యచటనే కలదు. ఆ ప్రాంతముననే కాలిబాటలపై పాతపుస్తకములు పరచుకొని అమ్మువారును, బట్టలు, గాజులు, పూలు అమ్మువారును దినమెల్ల కూర్చుందురు. వారి వీపునకు మూరెడు దూరమున బస్సులును, ఆటోలును, మోటారుసైకిళ్లును ఎడతెగక మ్రోగుచు పోవును. చెవికి వైద్యము చేయుచోటి దారియందే చెవులు చెడుచున్నచో, ఇంతకంటె వింత వేరొకటి కలదా?

మనలో దయగలవారు సయితము "వారికది అలవాటైపోయినది" అని తేలికగా పలుకుదురు. ఈ మాట శుద్ధ అసత్యము. లోచెవిలో నత్తగుల్లవంటి భాగమున సూక్ష్మరోమములుగల కణములున్నవి. దినమునకు ఎనిమిది గంటలు 85 డెసిబెల్లులు మించిన ధ్వని యేండ్లతరబడి సోకినచో అవి నశించును. నశించినవి మనుష్యునికి మరల మొలవవు. దగ్గర మ్రోగిన లారీ హారన్ ఆ హద్దును సులభముగా దాటును. కావున మనము అలవాటని పిలుచునది పెక్కుసారులు చెవుడునకు తొలిమెట్టు. అంతకు తక్కువ ధ్వనియు నిరపాయకరము కాదు. మనస్సు గమనింపకున్నను శరీరము గమనించును. రక్తపుపోటు పెరుగును, గుండెకు ముప్పు కలుగును. అందువలననే ప్రపంచారోగ్యసంస్థ 2018లో ఐరోపా దేశములకు ఇచ్చిన సూచనలలో, రహదారి ధ్వని సగటున 53 డెసిబెల్లులకు లోబడి యుండవలెనని చెప్పినది. 65కును 75కును భేదము స్వల్పమని తలపరాదు. ఆ పది డెసిబెల్లులు ధ్వనిశక్తిని పదిరెట్లు చేయును.

"అట్లయిన వేరొకచోటికి పోరాదా?" అని కొందరు తర్కింతురు. జనములేనిచోట బేరమెక్కడిది? దారిప్రక్క వర్తకము నేరము కాదని, అది జీవనోపాధియని 2014వ సంవత్సరపు చట్టమే యంగీకరించినది. ఆ చట్టము ననుసరించి యేర్పడు పట్టణ విక్రయసంఘములలో నూటికి నలువదికి తగ్గకుండ వీథివర్తకుల ప్రతినిధులే యుండవలెను. ఆ సంఘములు చోట్లు నిర్ణయించునపుడు దారి వెడల్పుతోపాటు ధ్వనిని గూడ కొలువవలెను. ఏటేట వర్తకులకు చెవిపరీక్షయు, రక్తపుపోటు పరీక్షయు ఉచితముగా జరుపవలెను. అనవసరముగా హారన్ మ్రోగించువారికి మొదటిసారి 1,000, పిమ్మట 2,000 రూపాయల జుల్మానా విధింపవచ్చునని 2019లో సవరింపబడిన మోటారువాహనముల చట్టము చెప్పుచున్నది. దానిని అమలుపరుపవలెను.

అయితే నేరమంతయు ప్రభుత్వముపై నెట్టి మనము తప్పించుకొనరాదు. ఆ హారన్ ఎవరిది? అద్దములు బిగించుకొని చల్లని కారులో కూర్చుండి, ఎఱ్ఱదీపము పచ్చన గాకమునుపే మ్రోగించువారము మనమే. బిడ్డలను బడికి చేర్చు తొందరలో, ప్రక్కన పూలమ్ము తల్లి యొడిలోని బిడ్డను మరచువారము మనమే. మన ధ్వని మన యింట జొరకుండ తలుపులు వేసికొని, దానిని పేదల చెవులలో పోయుట నాగరకతయా?

ఇక మీదట మూర పూలకు అయిదు రూపాయలు తగ్గింపుమని బేరమాడుటకు ముందు, ఆ తల్లి చెవులకు మనము బాకీపడిన దెంతయో లెక్క చూచుకొందము. ఆ బాకీలో మొదటి కంతు మన హారన్ మీదినుండి చేయి తీయుటయే.