వితండవాదానికో సిలబస్

మన ఇళ్ళల్లో పిల్లలు రెండోసారి ఎదురు ప్రశ్న వేస్తే పెద్దవాళ్ళ నోటికొచ్చే మొదటి మాట "వితండవాదం చెయ్యకు". నిజానికి ఆ మాటకి న్యాయశాస్త్రంలో కచ్చితమైన అర్థం ఉంది. న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీస్తాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం. తనదంటూ ఏ ప్రతిపాదనా నిలబెట్టకుండా అవతలివాడి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే అది వితండ. ఈ లెక్కన "ఎందుకు?" అని అడిగిన పిల్లాడిది వితండవాదం కానే కాదు. అయితే పిల్లల్ని పుస్తకాలు కొనిచ్చి మరీ వితండవాదుల్ని చేసే పద్ధతి ఒకటుంది. అమెరికాలో హోమ్‌స్కూలింగ్ చేస్తున్న కుటుంబాల్లో, వాళ్ళలో ఉన్న కొద్దిమంది తెలుగువాళ్ళ ఇళ్ళల్లో కూడా, దాన్ని "లాజిక్ కరిక్యులమ్" అంటున్నారు. నా పేచీ దానితోనే.

నేను తర్కశాస్త్రం చదివినవాణ్ణి కాదు, ఇంజినీరింగ్ చదివినవాణ్ణి. షరతులు రాయడం, అవి ఎక్కడ తెగాయో వెతకడం నా ఉద్యోగం. టెక్సాస్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు తన పదమూడేళ్ళ కొడుక్కి ఏ పుస్తకం తర్వాత ఏది చెప్పాలో చూడమని అడిగితే ఈ పుస్తకాల్లోకి దిగాను. టెక్సాస్‌లో ఇంటి చదువు ప్రైవేటు బడి కిందే లెక్క. 1994లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు లీపర్ కేసులో ఇచ్చిన తీర్పు దాన్ని ఖాయం చేసింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం: తప్పనిసరిగా చెప్పాల్సినవి ఈ అయిదే. లాజిక్ ఆ జాబితాలో లేదు. అంటే అది పూర్తిగా తల్లిదండ్రుల ఇష్టం, ఆచరణలో ప్రచురణకర్తల పట్టికల ఇష్టం.

ఆ పట్టికల వెనక ఒక చిన్న ప్రసంగం ఉంది. లార్డ్ పీటర్ విమ్సీ డిటెక్టివ్ నవలలు రాసిన డొరొతీ సేయర్స్ 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో "ది లాస్ట్ టూల్స్ ఆఫ్ లెర్నింగ్" అని ఒక వ్యాసం చదివింది. మధ్యయుగాల ఐరోపాలో వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అని మూడు మెట్ల చదువు ఉండేది. సేయర్స్ వాటిని పిల్లల వయసులకి జతచేసింది. చిలకలా వల్లించే వయసు, ఎదురు తిరిగే వయసు, కవిత్వపు వయసు. ఎదురు తిరిగే వయసుకి తర్కం ఇవ్వమంది. ఇందులో తను నమూనాగా తీసుకున్నది తన బాల్యాన్నేనని ఆవిడే చెప్పుకుంది. ఒక నవలాకారిణి సరదాగా, తెలివిగా వేసిన ఊహ అది. తర్వాతి తరం దాన్ని గ్రేడుల వారీ టైంటేబుల్‌గా మార్చేసింది. పిల్లాడు వాదించే వయసుకొచ్చాడు కాబట్టి వాదనలో తప్పులు పట్టడం నేర్పాలి, అదీ ముందే నేర్పాలి అన్నది అలా స్థిరపడింది.

దాంతో మొదటి మెట్టు మీద ఫాలసీల పుస్తకం వచ్చి కూర్చుంది. బ్లూడార్న్ సోదరులు రాసిన "ది ఫాలసీ డిటెక్టివ్" వీటిలో బాగా పేరున్నది. "ది ఆర్ట్ ఆఫ్ ఆర్గ్యుమెంట్" ఇంకొకటి. అందులో 28 ఫాలసీలుంటాయి. దాన్ని వేసినవాళ్ళ క్రమంలో నిగమన తర్కం చెప్పే "ది డిస్కవరీ ఆఫ్ డిడక్షన్" ఆ తర్వాతే వస్తుంది. వాదన కట్టడం చెప్పే "ది ఆర్గ్యుమెంట్ బిల్డర్" దానికీ తర్వాత. మళ్ళీ చదవండి. తప్పులు పట్టడం మొదట, వాదన కట్టడం చివర. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఇలాంటి వరుసనే అన్నారు.

ఈ పుస్తకాలు చెత్తవని అనడం లేదు. ఫాలసీ డిటెక్టివ్ హాయిగా చదివిస్తుంది, బొమ్మలూ జోకులూ ఉంటాయి. తల్లికి ముందే లాజిక్ వచ్చి ఉండక్కర్లేదు. అందుకే అవి మొదటి మెట్టయ్యాయి. పిల్లాడి బుర్రకి అదే సరైన మొదటి మెట్టని ఎవరూ తేల్చినందుకు కాదు.

ఆ పుస్తకం సగమయ్యాక వాళ్ళింట్లో ఏమైందో చెప్తాను. ఫోన్‌కి రోజుకి గంటే అంది అక్క. ఇంకో అరగంట కావాలన్నాడు. "ఇవాళ గంటన్నర అంటావు, వారం తిరిగేసరికి నాలుగ్గంటలవుతుంది" అంది. "అమ్మా, అది స్లిప్పరీ స్లోప్" అన్నాడు. "వితండవాదం చెయ్యకు" అంది అక్క. అక్కడితో మాట ఆగిపోయింది.

ఇద్దరూ ఒకే పని చేశారు, చర్చను ఆపేసే బిళ్ళ ఒకటి అతికించారు. తేడా అల్లా వాడి బిళ్ళ లాజిక్ పుస్తకంలోంచి వచ్చింది. జారుడుబండ వాదన తప్పో ఒప్పో దాని రూపం చెప్పదు, మధ్య మెట్లు చెప్తాయి. గంట గంటన్నరైతే అది నాలుగు కావడానికి ఆధారం ఉందా? ఉంది. అంతకు ముందు నెల సరిగ్గా అలాగే అయిందని నాతో అక్కే చెప్పింది. వాడు అడగాల్సిన ప్రశ్న "ఎలా చెప్పగలవమ్మా?" అని. ఆ ప్రశ్న వేసి ఉంటే సంభాషణ ముందుకు సాగేది, బహుశా వాడు ఓడిపోయేవాడు. లేబుల్ ఆ అవసరం లేకుండా చేసింది. తనదంటూ ఏ ప్రతిపాదనా లేకుండానే గెలిచిన భావన ఇచ్చింది. న్యాయసూత్రాలు వితండ అన్నది దీన్నే.

"ఈ రోజుల్లో పిల్లలకి రక్షణ కావద్దా? ప్రకటనలు, వాట్సాప్ ఫార్వర్డులు, రాజకీయ నాయకులు..." అంటారు. కావాలి. కాకపోతే వాట్సాప్ అబద్ధాల్లో చాలా వాటికి తార్కిక రూపంలో లోపమే ఉండదు. పాత ఫొటోకి కొత్త ఊరి పేరు పెడతారు, అంతే. అక్కడ కావాల్సింది మూలం వెతికే ఓపిక, కొంచెం లెక్క. ఒక జబ్బు వెయ్యిమందిలో ఒకరికి ఉంది, జబ్బు లేనివాళ్ళలో నూటికి అయిదుగురికి కూడా పరీక్ష ఉందని చూపిస్తుంది అనుకుందాం. వెయ్యిమందికీ చేస్తే ఉన్నవాడు ఒక్కడు, లేకపోయినా ఉందనిపించుకున్నవాళ్ళు యాభైమంది. పదిహేనేళ్ళ పిల్లాడికి ఈ ఒక్క లెక్క వస్తే చాలా భయాలూ చాలా మోసాలూ పలచబడతాయి. 28 పేర్లు కంఠతా వచ్చినా అది జరగదు. పైగా "అపీల్ టు అథారిటీ" అన్న పేరు తెలిసిన పిల్లాడు డాక్టరు మాటనీ బాబా మాటనీ ఒకే గాటన కట్టేసే ప్రమాదం ఉంది.

సరే, ఫాలసీలు పక్కనపెట్టి నేరుగా ఫార్మల్ లాజిక్‌తో మొదలెడదామనే వర్గం కూడా ఉంది. మార్టిన్ కొత్రన్ రాసిన "ట్రెడిషనల్ లాజిక్" వాళ్ళ పుస్తకం. బలమైన పుస్తకమే, నా మొగ్గు కొంత అటే. కానీ అక్షరాలూ పట్టికలతో మాత్రమే నడిపితే ఆ దారీ ఎక్కడికీ పోదు. 1966లో పీటర్ వేసన్ ఒక పజిల్ తయారుచేశాడు. తెలుగులో ఇలా పెట్టుకుందాం: బల్ల మీద నాలుగు కార్డులు, పైకి కనిపించేవి అ, క, 4, 7. ఒక వైపు అచ్చు ఉంటే రెండో వైపు సరిసంఖ్య ఉండాలన్నది నియమం. నియమం తప్పిందో లేదో తెలియాలంటే ఏ కార్డులు తిప్పాలి? జవాబు అ, 7. ఎక్కువమంది అ, 4 అంటారు. అదే ప్రశ్నని "మద్యం తాగేవాడికి ఫలానా వయసు నిండాలి, ఎవర్ని తనిఖీ చేస్తావు?" అని మారిస్తే ఎక్కువమంది సరిగ్గా చెప్పేస్తారు. 1986లో ప్యాట్రీషియా చెంగ్, ఆమె సహచరులు ఒక సెమిస్టర్ లాజిక్ కోర్సు చదివిన కాలేజీ విద్యార్థులకి ఈ తరహా ప్రశ్నలిచ్చి చూశారు. కోర్సు వల్ల మెరుగు దాదాపు ఏమీ లేదు. నియమాన్ని ఉదాహరణలతో కలిపి నేర్పినప్పుడు మాత్రం ఫలితం కనిపించింది.

ఇక్కడే మన న్యాయం వాళ్ళు గుర్తొస్తారు. "అన్నీ మనవాళ్ళే ముందు కనిపెట్టారు" అనే జాతర కోసం కాదు. న్యాయ అనుమానం అరిస్టాటిల్ సిలాజిజంకి దేశీ నకలు కాదు, వాళ్ళ ప్రశ్నే వేరు. వాళ్ళ వాదనకి అయిదు అవయవాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది, పొగ ఉంది కాబట్టి, వంటింట్లో లాగా. ఈ "వంటింట్లో లాగా" అలంకారం కాదు, వాదనలో ఒక అవయవం. అది లేకపోతే వాదన పూర్తికాదు.

ఇంకా అందమైన విషయం ఉపాధి. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, సరే. నిప్పున్నచోట పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. మరి వంటింట్లో పొగ ఎందుకొచ్చింది? కట్టె తడిగా ఉంది కాబట్టి. చెప్పకుండా దాగిన ఆ షరతే ఉపాధి. ప్రోగ్రామర్లకి ఇది కొత్త కాదు. "నా మెషీన్‌లో పనిచేసింది" అన్న ప్రతిసారీ ఎక్కడో ఒక తడికట్టె ఉంటుంది. పిల్లాడికి 28 పేర్లు నేర్పే బదులు "ఇక్కడ తడికట్టె ఏది?" అని అడగడం నేర్పితే అందులో సగం తప్పులు వాడే పట్టుకుంటాడు. ఇవన్నీ పదిహేడో శతాబ్దంలో అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలో, దానికి ఆయనే రాసుకున్న దీపికలో ఉన్నాయి. బాలలకి సులువుగా అర్థం కావడానికే రాస్తున్నానని ఆయన మొదట్లోనే చెప్పుకున్నాడు. ఆయన తెలుగువాడంటారు. మనం మాత్రం "వితండవాదం" అన్న తిట్టు ఒక్కటి మిగుల్చుకుని పుస్తకాన్ని వదిలేశాం.

మరి నీ క్రమం ఏమిటి అని అక్క అడిగింది. ఇదీ.

పదమూడేళ్ళకి లాజిక్ పుస్తకమే వద్దు. యూక్లిడ్ మొదటి పుస్తకం చాలు, 48 ప్రతిపాదనలు. త్రిభుజంలో రెండు భుజాలు సమానమైతే వాటికెదురు కోణాలు సమానమని అయిదోది చెప్తుంది. కోణాలు సమానమైతే భుజాలు సమానమని ఆరోది. చూడ్డానికి ఒకటే మాటలా ఉంటుంది కానీ యూక్లిడ్ దాన్ని విడిగా, వేరే పద్ధతిలో నిరూపించాడు. ఎదుటివాడు చెప్పింది కాదనుకుని, అది అసంభవానికి దారితీస్తుందని చూపడం ఆ పుస్తకంలో మొదటిసారి అక్కడే వస్తుంది. 47 పైథాగరస్, 48 దాని విలోమం. "అయితే" అన్న మాటని తిరగేయాలంటే కొత్తగా కష్టపడాలని చేత్తో గీసి నేర్చుకున్న పిల్లాడు వేసన్ కార్డుల దగ్గర కనీసం తటపటాయిస్తాడు. పద్నాలుగులో సిలాజిజం, ప్రతిదానికీ పిల్లాడే సొంత ఉదాహరణ చెప్పాలన్న షరతుతో. ఆ తర్వాతి ఏడు ఆధునిక సంకేత తర్కం.

ఈ రెండిటి మధ్య గొయ్యి ఒకటుంది, దాని గురించి ముందే చెప్పాలి. "నా ఏనుగులన్నీ తెల్లవి" అంటే "నా ఏనుగుల్లో కొన్ని తెల్లవి" అని పాత తర్కం ఒప్పుకుంటుంది. నాకు ఏనుగులే లేకపోతే మొదటి వాక్యం నిజం, రెండోది అబద్ధం అంటుంది కొత్త తర్కం. పైథాన్‌లో ఖాళీ లిస్టు మీద "ఆల్" అడిగితే ట్రూ, "ఎనీ" అడిగితే ఫాల్స్ వచ్చేది ఇందుకే. 256 సిలాజిజం రూపాల్లో పాత లెక్కన 24 చెల్లుతాయి, కొత్త లెక్కన 15. ఈ తేడా చెప్పకుండా ఒక పుస్తకం మూసి ఇంకోటి తెరిస్తే, తెలివైన పిల్లాడు రెండూ అబద్ధమనుకుంటాడు.

పదహారులో సంభావ్యత, ఆధారాలు తూచడం. ఫాలసీల పేర్లు అన్నిటికన్నా చివర, పదిహేడులో, ఒక్క నెల. అప్పటికి అవి గాలి పేర్లు కావు, తను చూసి ఉన్న జబ్బుల పేర్లు. ఆ నెలంతా పాఠ్యపుస్తకం కన్యాశుల్కం. వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో చేరిన గిరీశంకన్నా గొప్ప హోమ్‌స్కూల్ మాస్టరు మన సాహిత్యంలో లేడు. ఒక్కో వాదనా తీసుకుని, అతని ప్రతిజ్ఞ ఏమిటి, హేతువు ఏది, దాచిన తడికట్టె ఏది అని రాయమనాలి. వితంతు వివాహం మంచిదన్నది నిజమే, అయినా గిరీశం దాన్ని ఎందుకు చెప్తున్నాడన్నది వేరే ప్రశ్న. చెప్పేవాడి ఉద్దేశం చెడ్డదైనా మాట నిజం కావచ్చు. ఈ రెండు ప్రశ్నల్ని విడదీయడం వస్తే పిల్లాడికి లాజిక్ వచ్చినట్టే. మన సాహిత్య చర్చల్లో పెద్దవాళ్ళు చాలామందికి ఇంకా రాలేదు. కవి కులమో పార్టీయో చెప్పి పద్యాన్ని కొట్టేసేవాళ్ళు, దాన్ని ఎత్తిచూపితే "యాడ్ హోమినెమ్" అని ఒక్క మాటతో ఎదురు కొట్టేవాళ్ళు, ఇద్దరూ పద్యం చదవరు.

గిరీశానికి గనక ఆ 28 ఫాలసీల పుస్తకం దొరికి ఉంటే ఎంత మురిసిపోయేవాడో ఊహించండి. పదమూడేళ్ళ వెంకటేశం చేతిలో దాన్ని పెట్టేముందు తల్లిదండ్రులు ఈ ఒక్క మాట ఆలోచించుకోవాలి. ఒక వాదనని మొదటినుంచి చివరిదాకా కట్టి, నిలబెట్టి, అది తన కళ్ళముందే కూలితే మళ్ళీ కట్టుకున్న అనుభవం లేని పిల్లలకి పడగొట్టే పనిముట్లు ఇవ్వకండి. వాళ్ళు ముందు పడగొట్టేది మీతో మాట్లాడటాన్నే.