కృష్ణపట్నం మందు, మన నూనె సీసా



2021 మే నెలను మన తీరంలో ఎవరమూ మరిచిపోలేం. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. నెల్లూరులో మంచం దొరికితే చాలు, ఆక్సిజన్ అందితే చాలు అని జనం అల్లాడారు. అప్పుడే ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య గారు డబ్బు తీసుకోకుండా కరోనాకు మందు ఇస్తున్నారన్న మాట పాకింది. పక్క జిల్లాల వాళ్ళే కాదు, పక్క రాష్ట్రాల వాళ్ళు కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. రోగులూ, రోగం లేనివాళ్ళూ ఒకరినొకరు తోసుకుంటూ ఒకే వరుసలో నిలబడ్డారు. మే 21న జనం అదుపు తప్పారు, పంపిణీ ఆగింది.

ఆ పది రోజులూ మన ఊళ్ళలో జరిగిన వాదనలు మీకు గుర్తుండే ఉంటాయి. "ఊరికే ఇస్తుంటే అడ్డం పడేదేంది, అయ్యగారూ? ఆస్పత్రోళ్ళ మాదిరి లక్షలు గుంజతా ఉండాడా?" అని అడిగిన వాళ్ళున్నారు. అది తీసిపారేయదగిన ప్రశ్న కాదు. అప్పు చేసి ఆసుపత్రికి కట్టినవాడికి ఉచితం అన్న మాటే సగం మందు. ఆనందయ్య గారి మనసు మంచిదా కాదా అన్న చర్చ మాకు అక్కర్లేదు, మంచిదనే అనుకుందాం. కానీ ఇచ్చేవాడి మనసును బట్టి మందు గుణం మారదు.

మే 31న రాష్ట్ర ప్రభుత్వం ఒక నిర్ణయం చెప్పింది. హైకోర్టులో వ్యాజ్యాలు నడుస్తున్నాయి, ఆయుర్వేద పరిశోధన సంస్థ వాళ్ళు మందు వాడినవారిని విచారించి నివేదిక ఇచ్చారు. నోటితో తీసుకునే మందుల్లో పరిశీలించిన వాటికి అనుమతి ఇచ్చారు. కంట్లో వేసే చుక్కలకు మాత్రం పరీక్షల ఫలితం వచ్చేదాకా ఇవ్వలేదు. ఈ మందుతో కరోనా తగ్గుతుందని రుజువు కాలేదన్నారు. డాక్టర్లు రాసిన మందులు మానొద్దన్నారు. రోగులు స్వయంగా రాకుండా బంధువులు వచ్చి తీసుకెళ్ళాలన్నారు.

కొందరికి ఇది రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టు అనిపించింది. మాకైతే అది తూకం తెలిసిన తీర్పు. మిరియాలు, జీలకర్ర, తేనె నోట్లో వేసుకోవడం వేరు, అవే కంట్లో పోయడం వేరు. కంటి మందులో సూక్ష్మజీవి లేకుండా చూడాలి, లేకపోతే ఉన్న చూపే పోవచ్చు. చుక్కలు పడగానే ఊపిరి అందిందని వీడియోలో చెప్పిన ఒక పెద్దాయన కొద్ది రోజులకే నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో కన్నుమూశారు. చుక్కల వల్లే పోయారని ఎవరూ తేల్చలేదు, మేమూ అనడం లేదు. ఆ వీడియో మాత్రం ఆయన పోయాక కూడా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. దాన్ని చూసి బయలుదేరినవాళ్ళకు ఆ తరువాతి సంగతి ఎవరు చెప్పారు?

అప్పట్లో ఒక విశ్వాసి మాతో అన్నాడు, "ప్రభువు గుడ్డివాడి కళ్ళకు బురద పూయలేదా?" అని. పూశాడు, యోహాను సువార్త 9వ అధ్యాయం. ఆ అధ్యాయం చివరిదాకా చదివితే తెలుస్తుంది, బాగైన తరువాత అతన్ని ఎన్ని ప్రశ్నలు అడిగారో. పొరుగువాళ్ళు అడిగారు, పరిసయ్యులు రెండుసార్లు పిలిపించి అడిగారు, కన్నవాళ్ళనూ పిలిచారు. అడిగినవాళ్ళ ఉద్దేశం చెడ్డదే. అయినా జరిగినది విచారణకు నిలిచింది. అంతేకాదు, పదిమంది కుష్ఠరోగులు ఎదురైనప్పుడు ప్రభువు వాళ్ళను యాజకుల దగ్గరికి వెళ్ళి కనబరచుకొమ్మన్నాడు. లేవీయకాండము 14 ప్రకారం కుష్ఠు పోయిందో లేదో చూసి చెప్పే అధికారం యాజకుడిది. స్వస్థపరచినవాడే తన పనిని ధర్మశాస్త్రం పరీక్షకు పంపితే, పరీక్ష అడిగినవాళ్ళను మనం అవిశ్వాసులనడం ఏ న్యాయం?

ఇది చదివి మేము పెద్దాసుపత్రుల పక్షాన మాట్లాడుతున్నామని అనుకోకండి. అదే ప్రశ్న అటువైపు కూడా వేయాలి.

2009 జూలైలో, రాష్ట్రం ఇంకా విడిపోకముందు, ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఒక టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం అది. భద్రాచలం వైపు హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు అందులో చాలామంది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆ పని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పింది. ఆ టీకా మంచిదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినదే. మన ఆడపిల్లలకు వేయించవద్దని ఎవరైనా ఈ వ్యాసం చూపి చెబితే నమ్మకండి.

తప్పు సంతకం దగ్గర జరిగింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో లెక్క ఉంది. మన రాష్ట్రంలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. కన్నతల్లి అడవి అంచున ఏదో గూడెంలో కూలికి పోయి ఉంటుంది. ఆమె బిడ్డ చేతికి సూది వేయడానికి ఒప్పుకున్నది వార్డెను! చదువుకున్నవాళ్ళు, కోట్లు వేసుకున్నవాళ్ళు, ఫైళ్ళు సక్రమంగా పెట్టుకున్నవాళ్ళు చేసిన పని ఇది. కృష్ణపట్నం వరుసను చూసి నవ్వినవాళ్ళు ఇది కూడా చదవాలి.

బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిదేళ్ళు పడి ఉన్నవాడిని ప్రభువు ముందు ఏం చేశాడు? బాగుపడాలని ఉందా అని అడిగాడు. బర్తిమయిని కూడా, నీకేం చేయమంటావు అని అడిగాడు. గుడ్డివాడికి ఏం కావాలో తెలియదా ఆయనకు? తెలిసీ అడిగాడు. ఇవాళ ఆపరేషన్ ముందు మన ఆడవాళ్ళను ఎవరు అడుగుతున్నారు? కాగితం భర్త చేతికో అన్న చేతికో ఇస్తారు, ఆయన ఇంటూ గుర్తు ఉన్నచోట సంతకం పెడతాడు. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, బయట కూర్చున్న తల్లి ఒప్పుకుందని చెప్పి గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, తెలివిలో ఉండగా అడిగే వీలున్న పెద్దమనిషి తరఫున తల్లి ఒప్పుకున్నా అది ఒప్పుకోలు కాదంది కోర్టు. ఆ గుడ్డివాడి తల్లిదండ్రులు అన్నది గుర్తుందా? వాడు ఈడు వచ్చినవాడు, వాడినే అడగమన్నారు. వాళ్ళు భయంతో అన్నారు గానీ, మాట మాత్రం సరైనది.

ఇక మన ఇంటి సంగతి. తీరం వెంట మన మందిరాల్లో ప్రార్థన నూనె సీసాలున్నాయి, ఇక్కడ దాచేదేమీ లేదు. నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రికే చెబుతుంది, మేమూ రాస్తాం. కానీ నూనె రాశాక షుగరు మాత్ర మానేయమని, టీబీ మందు సగంలో ఆపమని చెప్పే సేవకులు ఉన్నారు. ఆపినదాన్నే సాక్ష్యంగా మైకులో చెప్పిస్తారు. టీబీ మందు సగంలో ఆపితే రోగం మొండికెక్కి తిరగబెడుతుంది, ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది. ఆ సాక్ష్యం ఎవరి మహిమకు?

ఆసా రాజు వైద్యులను నమ్ముకున్నాడని ఎత్తిచూపేవారు, హిజ్కియా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించింది యెషయా ప్రవక్తేనని ఎందుకు చెప్పరు? ఆసా యెహోవాను విడిచాడు, అదీ అతని తప్పు. డాక్టరును పిలవడం కాదు.

చట్టం కూడా ఉంది. 1954లో వచ్చిన మందులు, మాంత్రిక చికిత్సల చట్టం షుగరు, క్యాన్సరు, పక్షవాతం, మూర్ఛ వంటి రోగాలు నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని నిషేధించింది. తాయెత్తు, మంత్రం, కవచం అన్న మాటలు అందులో ఉన్నాయి. ప్రార్థన అన్న మాట లేదు. కానీ సీసా మీద ఫోటో అంటించి, రోగాల పేర్లు రాసి, ధర పెట్టి అమ్మేవాడు తాయెత్తు కట్టేవాడికంటే తాను ఎలా వేరో మేజిస్ట్రేటు ముందు చెప్పగలడా? మేమైతే ఆ బోనులో నిలబడాలనుకోవడం లేదు.

అందుకని మన సంఘ పెద్దలతో మాట్లాడి కొన్ని సంగతులు అనుకున్నాం. స్వస్థత సాక్ష్యం చెప్పేవారు మందు ఆపినట్టు చెప్పకూడదు. డాక్టరు ఆపమంటే ఆ కాగితం ముందు మాకు చూపాలి. మందిరంలో నూనెకు వెల ఉండదు, సీసా మీద పేరు ఉండదు. ఆపరేషన్ అని చెప్పినప్పుడు సంతకం పెట్టేముందు ఎవరికి చేస్తున్నారో ఆ మనిషికే అర్థమయ్యేలా చెప్పమని డాక్టరును అడగండి. అడగడానికి జంకితే మాకు ఫోన్ చేయండి, తోడు వస్తాం.

ఈ నెలాఖరు శనివారం స్త్రీల కూడికకు మన ఏఎన్ఎం అక్క వస్తానన్నారు. ఇంట్లో వాడుతున్న మాత్రల అట్టలు, ఆసుపత్రి కాగితాలు ఒక సంచిలో వేసుకుని రండి. చదవడం రానివారు ముందు వరుసలో కూర్చోండి.