61 రోజుల నిషేధంతో సరిపెట్టుకుందామా?

ఏటా ఏప్రిల్ 15న వేసవి వేట నిషేధం మొదలై తూర్పు తీరంలో మరబోట్లు ఒడ్డు చేరగానే ఒక వాదన లేస్తుంది. 61 రోజులు సముద్రమంతా మూసేస్తున్నాం కదా, మళ్లీ ఫలానా చోటు ముఖ్యం, ఫలానా చోటు కాపాడాలి అంటూ పటాలు గీయడం ఎందుకు? అదంతా ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లు మత్స్యకారుల నోట మట్టికొట్టే పని అంటారు. ఈ మాటలో కోపం న్యాయమైనదే. లెక్క మాత్రం తప్పు.

ఆలివ్ రిడ్లే తాబేళ్ల సంగతే చూడండి. అవి మన తీరానికి గుడ్లు పెట్టడానికి ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. ఒక్కో తల్లి ఇసుక తవ్వి వంద గుడ్ల దాకా పెట్టి వెళ్తుంది. ఏప్రిల్ మధ్యలో నిషేధం మొదలయ్యేసరికి ఆ పని దాదాపు ముగిసిపోతుంది. తాబేలు చేప కాదు, ఊపిరి తీసుకోవడానికి పైకి రావాలి. మరబోటు ట్రాల్ వలను గంటల తరబడి అడుగున ఈడుస్తుంటే, అందులో చిక్కినది ఊపిరాడక చస్తుంది. చలికాలంలో ఒడ్డుకు కొట్టుకొచ్చే కళేబరాలకు చాలాసార్లు పైకి గాయమే కనిపించదు. మెడ ఉబ్బి, కళ్లు పొడుచుకొచ్చి ఉంటాయి. వీటిని వేసవి నిషేధం ఎలా కాపాడుతుంది? తాళం వేసింది దొంగ వెళ్లిపోయాక.

మరబోట్లు తీరానికి 8 కిలోమీటర్ల లోపు వేటాడకూడదన్న నిబంధన ఉంది కదా అంటారు. ఉంది, అమలు సంగతి నాటుపడవల వాళ్లను అడగండి. అది అమలైనా, తీరమంతా ఒకే కొలతతో గీసిన గీత అది. గోదావరి మొగ దగ్గర నీరు వేరు, భీమిలి దగ్గర నీరు వేరు. కోరంగి మడ అడవులు రొయ్య పిల్లలకు, చేప పిల్లలకు పురిటిగది లాంటివి. అక్కడ పాడైతే ఆ నష్టం బయటి సముద్రంలో వల వేసేవాడికీ తగులుతుంది.

పక్కనే ఒడిశా ఉంది. గహీర్‌మాథాను 1997లోనే సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. ధామ్రా, దేవి, రుషికుల్య నదుల మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట ఆపుతారు. అంటే తాబేళ్లు చేరే చోటు చూసి, అవి చేరే కాలం చూసి గీసిన గీత. 2025లో ఒక్క రుషికుల్యలోనే దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అది ఆ గీత ఒక్కదాని చలవే అని నేననను. అయితే తాబేలు రాని వేసవిలో దానికోసం సముద్రమంతా మూయడం కంటే అది వచ్చే నెలల్లో ఆ కొద్ది మేర ఆపడం వేటగాడికీ చవకే.

ఇక రెండో అపోహ: చోటు గుర్తిస్తే వేట పోయినట్టేనని. ఆస్ట్రేలియా 2004లో గ్రేట్ బారియర్ రీఫ్‌ను మళ్లీ మండలాలుగా విభజించింది. వేట పూర్తిగా ఆపిన భాగం 5 శాతం లోపు నుంచి 33 శాతానికి పెరిగింది. అంటే మూడింట రెండు వంతుల్లో ఏదో ఒక రకం వేట సాగుతూనే ఉంది. 70 రకాల పరిసరాలను గుర్తించి, ఒక్కోదాంట్లో కనీసం 20 శాతం కాపాడారు. జనం నుంచి 31 వేలకు పైగా వినతులు తీసుకుని, గీతలు మార్చి మరీ తేల్చారు. మన దగ్గరా భారత వన్యప్రాణి సంస్థ తీరం పొడవునా 106 ముఖ్యమైన చోట్లను గుర్తించింది. గుర్తించడమంటే నిషేధించడం కాదు. అక్కడ ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నది ఆ తర్వాత తేలాల్సిన మాట.

ఆ మాట తేల్చేటప్పుడు గదిలో ఎవరుంటారన్నదే అసలు పేచీ. ఓడరేవుల పూడికతీత, కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ పైపులు, కర్మాగారాల వ్యర్థజలాలు పటంలో కనిపించకుండా తెప్ప ఒక్కటే కనిపిస్తే అది ప్రణాళిక కాదు, దౌర్జన్యం. అంతమాత్రాన పటమే వద్దనడం ఆ కంపెనీలకే మేలు. గీతలు లేని సముద్రంలో డబ్బున్నవాడిదే చోటు.

మత్స్యకార సంఘాల నాయకులకు ఒకటే విన్నపం. పటం వద్దని ధర్నా చేయకండి. పటం తెలుగులో కావాలని, ప్రతి జెట్టీ దగ్గరా పెట్టాలని, అందులో మీ వేటచోట్లతో పాటు పైపులైన్లూ ఓడరేవులూ కూడా గీయాలని ధర్నా చేయండి.